నెంబర్ దిగింది

నిజామాబాద్
19 జూన్ 2023

అన్నకు వందనాలు.

మీరంతా బాగున్నారని తలుస్తాను. మేము బాగున్నామని రాస్తే అది సగం మాటే అవుతుంది. అందుకే బిడ్డ గ్రేస్ పాఠాలు చెప్పడానికి బడికి పోయాక, తలుపు దగ్గరికేసి కూర్చుని రాస్తున్నాను.

నీకు ఫోన్ చేసి లాభం లేదు. చెవుల జబ్బు వచ్చినప్పటి నుంచి నేనొకటి అడిగితే నువ్వొకటి చెబుతావు. బస్సెక్కితే తల తిరిగి పడిపోతావు కాబట్టి రమ్మనీ అడగలేను. మెసేజ్ పెడదామంటే నీ ఫోన్ ఎప్పుడూ రాజ్ కిరణ్ చేతిలోనే. నీ కొడుకు మంచివాడే, కానీ వాడి కడుపులో మాట ఆగదు. ఆదివారానికల్లా చర్చి అంతటికీ తెలుస్తుంది.

విషయం ఇది. చలికాలం నుంచి స్నానం చేస్తే చాలు, ఒళ్లంతా చీమలు పాకినట్టు దురద. అరచేతులు ఎర్రబడ్డాయి. మా హాస్టల్ పిల్లలు "ఆంటీ, మైదాకు వెట్టుకున్నవా?" అని చేతులు పట్టి చూసేవాళ్లు. ఇక్కడి డాక్టర్ రక్తం చూసి హైదరాబాద్ పొమ్మన్నాడు. అక్కడ నడుము ఎముకలో సూది గుచ్చి మూలుగ తీశారు. మటన్ బొక్కలో మనం జుర్రుకుంటామే, ఆ మూలుగే. రక్తం తయారయ్యేది అందులోనేనట. నా మూలుగకు ఆగడం తెలియక, కావలసిన దానికన్నా ఎక్కువ రక్తం చేసిపెడుతోందట. దీన్ని కూడా క్యాన్సర్ కిందనే లెక్క వేస్తారని డాక్టరమ్మ చెప్పింది. గ్రేస్ అక్కడే ఏడ్చింది. నాకు అప్పుడు రాలేదు, బస్టాండులో వచ్చింది.

ఇంకా తొలి దశేనట. రక్తం చిక్కబడినప్పుడు ఒక సంచి తీసి పారేస్తారు, రోజుకో చిన్న మాత్ర ఇస్తారు. చిక్కదనానికి ఒక నెంబర్ ఉంటుంది, నలభై ఐదు దాటకూడదు. నాది యాభై ఆరు.

అసలు భయం వేరే ఉంది. ఈ జబ్బు చాలామందిలో ఏళ్లకేళ్లు ఇట్లాగే పడుకుని ఉంటుందట. కొందరిలో లేస్తుందట. లేస్తే మూలుగ ఎండి గట్టిపడుతుంది, ఇంకా ముదిరితే చంపేసే రక్త క్యాన్సర్ అవుతుంది. ఎవరిలో లేస్తుంది, ఎప్పుడు లేస్తుంది అని అడిగాను. అది ముందే చెప్పగలమా అనే వాళ్లు పరిశోధన చేస్తున్నారట. నా మూలుగ కూడా దానికి తీసుకున్నారు. సంతకం చేసి ఇచ్చాను.

ఎవరికీ చెప్పకు. వదినకు చెప్పు, అంతే.

నీ చెల్లె
బాలవ్వ

*

బోధన్
2 జూలై 2023

చెల్లె బాలవ్వకు, దేవుడు నిన్ను తన రెక్కల కింద పెట్టుకోవాలని పొద్దూ మాపూ అడుగుతున్న అన్న రాసేది.

నీ ఉత్తరం గొడ్ల కొట్టం వెనక్కి తీసుకుపోయి చదివాను. మీ వదిన వచ్చి నా ముఖం చూసి "గిదేంది, ఎవలు పోయిండ్రు?" అన్నది. చదవమని ఇచ్చాను. అన్నం వండకుండా అక్కడే కూర్చుంది.

ముందు తిండి సంగతి విను. రక్తం ఎక్కువైన మనిషివి, రక్తం పట్టే తిండి మానెయ్. కాలేయం వద్దు, బీట్‌రూట్ వద్దు, తోటకూర వద్దు, బెల్లం అసలే వద్దు. బోధన్ వాళ్లకు బెల్లం వద్దని చెప్పాల్సి వచ్చినందుకు నాకే సిగ్గుగా ఉంది.

ఇంకో మాట. నేను చక్కెర ఫ్యాక్టరీలో ఫీల్డ్‌మన్‌గా తలనెరిసే దాకా చేసిన పని ఏమిటి? చెరుకు గడకు సూది గుచ్చి, రసం చుక్కను బ్రిక్స్ మీటర్ అద్దం మీద వేసి, సూర్యుడి వైపు తిప్పి చూస్తే తీపి ఎంతో నెంబర్ కనిపించేది. దాన్ని బట్టి ఏ చేను ఏ వారం కోతకొస్తుందో చెప్పేవాణ్ని. నా మాట మీద బండ్లు కదిలేవి. ఒక్క చుక్కతో నేను చెప్పగలిగినప్పుడు, సంచులు సంచులు తీసుకున్న వాళ్లు చెప్పలేకపోవడమేమిటి? నువ్వు ప్రతిసారీ ఆ నెంబర్ నాకు రాయి. ఇక నుంచి నీకు ఫీల్డ్‌మన్‌ను నేనే. నా నెంబర్ తప్పిందని ఒక్క రైతు కూడా అనలేదు. ఒకరిద్దరు అన్నారు కానీ, వాళ్లు కల్లు తాగి అన్నారు.

ధైర్యంగా ఉండమని రాయను. నాకే లేదు.

దేవయ్య

*

నిజామాబాద్
12 నవంబర్ 2023

అన్నకు, వదినకు వందనాలు.

మొన్న హైదరాబాద్ పోయొచ్చాము. ఇప్పటికి మూడు సంచులు తీశారు. ఆ రక్తం ఎవరికైనా ఎక్కిస్తారా అని అడిగితే, పనికిరాదు, పారేస్తామని అక్కడి నర్సు పిల్ల చెప్పింది. హాస్టల్లో అన్నం మిగిలితేనే నాకు ప్రాణం ఒప్పదు, రక్తం పారబోస్తుంటే చూడలేక తల తిప్పుకున్నాను.

పరిశోధన ఫలితం వచ్చింది. మూలుగలోని జన్యువులు చూసి, నా వయసు, నెంబర్లు అన్నీ కలిపి కంప్యూటర్లో వేశారట. నన్ను ముప్పు తక్కువగా ఉన్న గుంపులో పెట్టింది. "అంటే లేవదా మేడం?" అన్నాను. డాక్టరమ్మ చాలా నెమ్మదిగా చెప్పింది. "బాలవ్వ గారూ, ఇది మీలాంటి వందమందిని చూసి చెప్పే మాట. ఆ వందమందిలో చాలామంది బాగుంటారు. కొద్దిమంది ఉండరు. మీరు ఏ వైపు ఉన్నారో ఈ కాగితం చెప్పదు. మూడు నెలలకోసారి తప్పకుండా రండి."

అయినా నాకు సంతోషంగానే ఉంది. ఇన్నాళ్లూ రాత్రి దుప్పటి కప్పుకుంటే లోపల ఎవరో కదులుతున్నట్టు ఉండేది. మొన్న బస్సులో నోరు తెరుచుకుని నిద్రపోయానట. గ్రేస్ ఫోటో తీసింది.

నెంబర్ నలభై ఏడు. నువ్వడిగావు కాబట్టి రాశాను.

బాలవ్వ

*

బోధన్
27 నవంబర్ 2023

నా చెల్లెకు స్తోత్రములతో.

నిన్న ఆరాధనలో లేచి నిలబడ్డాను. అయ్యగారు సాక్ష్యాలు చెప్పేవాళ్లు ఉన్నారా అని అడిగినట్టున్నారు. నాకు వినపడదు కదా, పక్కన దేవిదాస్ మోచేత్తో పొడిచాడు. ముందుకు పోయి మొత్తం చెప్పేశాను. నా చెల్లెకు మూలుగలో క్యాన్సర్ అన్నారు, పెద్ద పెద్ద మిషన్లు పెట్టి చూశారు, చివరికి ముప్పు లేదని ఆ మిషన్లే ఒప్పుకున్నాయి అన్నాను. చర్చి అంతా చేతులెత్తింది. హల్లెలూయలు నాకు వినపడలేదు కానీ, కింద బండ అదిరింది. స్త్రీల సమాజం వాళ్లు ఏడ్చారు. మీ వదిన కూడా ఏడ్చింది, కాకపోతే ఆమె నన్ను చూసి తల అడ్డంగా ఊపుతూ ఏడ్చింది. ఎందుకో అడగలేదు.

ఎవరికీ చెప్పవద్దన్నావు, నిజమే. అది కష్టం ఉన్నప్పటి మాట. దేవుడు చేసిన మేలు కూడా దాచిపెడితే ఎట్లా?

క్రిస్మస్‌కు నువ్వూ గ్రేస్ రావాలి. అందరూ నిన్ను చూడాలంటున్నారు. బెల్లం అరిసెలు చేయిస్తున్నాను. ఇక తినవచ్చు.

సంతోషంలో ఉన్న నీ అన్న

*

నిజామాబాద్
3 డిసెంబర్ 2023

అన్నా,

వందనాలు తర్వాత చెబుతాను, ముందు నిన్ను తిట్టుకోనీ.

ముప్పు తక్కువ అని నేను రాశాను. ముప్పు లేదని నువ్వు చెప్పావు. రెండింటి మధ్య నేనున్నాను అన్నా. జబ్బు నా ఒంట్లోనే ఉంది. స్నానం చేసి బయటికొచ్చి పావుగంట గోడకు వీపు రుద్దుకుంటూనే ఉన్నాను. నీ మాట నమ్మి పరమేశ్వర్ భార్య ఫోన్ చేసి, ఏ వచనం పట్టుకుని ప్రార్థన చేశావని అడిగింది. ఏం చెప్పను? దేవుణ్ని అబద్ధంలోకి లాగినట్టుంది నాకు.

క్రిస్మస్‌కు వస్తాము. రాకపోతే వాళ్ల ముందు నీ ముఖం చిన్నబోతుంది, అది నేను చూడలేను. కానీ నన్ను ముందుకు పిలిచి నిలబెట్టవద్దు. ఒక్క ఈ మాటైనా విను.

బాలవ్వ

*

నిజామాబాద్
21 ఏప్రిల్ 2024

ప్రియమైన అన్నకు వందనాలు.

క్రిస్మస్ నాడు నన్ను నిలబెట్టనే నిలబెట్టావు. ఆ కోపంతో ఇన్నాళ్లు రాయలేదు. ఈ రోజు ఉండబట్టలేక రాస్తున్నాను.

నెంబర్ దిగింది అన్నా. జనవరిలో నలభై నాలుగు, రక్తం తీయలేదు. మొన్న ఇక్కడి ల్యాబ్‌లో చూపిస్తే నలభై. ఏ మందూ పెంచలేదు, ఒక్క సంచీ తీయలేదు, దానంతట అదే దిగింది. అరచేతుల ఎరుపు కూడా పోయింది. కాగితం పట్టుకుని ల్యాబ్ మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను. నువ్వు చర్చిలో చెప్పిందే నిజమేమో, నమ్మకం లేనిదాన్ని నేనేనేమో అనిపించింది.

నిన్ను తిట్టినందుకు ఏమీ అనుకోకు. ల్యాబ్ కాగితం కూడా పంపుతున్నాను, నీ కళ్లతో చూసుకో.

నీ బాలి

*

బోధన్
5 మే 2024

బాలీ,

నీ కాగితం బైబిల్లో పెట్టుకున్నాను. యాభై ఆరు, నలభై ఏడు, నలభై నాలుగు, నలభై. నేను చెప్పలేదా?

ఈ నెలలో హైదరాబాద్ పోవాలని గ్రేస్ అంటోందని రాజ్ కిరణ్ చెప్పాడు. ఈ ఎండల్లో ఎందుకు? వాళ్లు అక్కడ చేసేది కూడా నెంబర్ చూడడమే కదా. అది నీ వీధి చివరి ల్యాబ్‌లో కూడా చూస్తారు. నువ్వు నాకు రాస్తే నేను చెబుతాను. పెరిగితే అప్పుడు పోదాం. దిగుతున్నదాన్ని పట్టుకుని అంత దూరం పోయి వరండాల్లో కూర్చోవడం దేనికి? హాస్టల్లో సెలవు కూడా మిగులుతుంది.

ఇక్కడ రాజ్ కిరణ్ చెరుకు తీసేసి మొత్తం వరి వేస్తానంటున్నాడు. ఫ్యాక్టరీ గేటుకు తాళం పడ్డాక ఎవరు వేస్తారు బాపూ అంటాడు. లింబయ్య ఒక్కడే మొండిగా ఇంకా చెరుకే పెడుతున్నాడు, దూరం ఫ్యాక్టరీకి తోలుతున్నాడు. నాకు వాడంటేనే ఇష్టం.

ఇప్పుడు కాలేయం తిను, తోటకూర తిను. కొంచెం ఒళ్లు చేయి.

అన్న

*

నిజామాబాద్
15 సెప్టెంబర్ 2024

అన్నకు, వదినకు వందనాలు.

నెంబర్ ముప్పై మూడు. ఇంత దిగవచ్చా అని ల్యాబ్ అబ్బాయిని అడిగితే, "మీకు దిగుడే మంచిదంటిరి గద మేడం" అన్నాడు. వాడు చెప్పిందీ నిజమే.

చర్చిలో ఆడవాళ్లు నాకు రంగు వచ్చిందంటున్నారు. "బాలవ్వక్కా, ఏం రాస్తున్నవ్ ముఖానికి? తెల్లగైనవ్" అని నిరోష అడిగింది. ఈ వయసులో ఇదొక్కటే తక్కువైంది నాకు. కాకపోతే హాస్టల్ రెండో అంతస్తు ఎక్కేలోపు ఒకచోట ఆగాల్సి వస్తోంది. పిల్లలు నన్ను దాటుకుని పరిగెత్తుతారు.

తోటకూర తినమన్నావు. నాలుగు ముద్దలకే కడుపు నిండుతోంది. ఎడమ పక్క డొక్క కింద బరువుగా ఉంది, గ్యాస్ అయ్యుంటుంది. హైదరాబాద్ నుంచి రెండుసార్లు ఫోన్ చేశారట, ఎందుకు రాలేదని. దసరా సెలవుల్లో వస్తామని గ్రేస్‌తో చెప్పించాను. నెంబర్ బాగున్నప్పుడు పోయి ఏం చెప్పాలి?

నీ తల తిరగడం ఎట్లా ఉంది?

బాలవ్వ

*

బోధన్
22 సెప్టెంబర్ 2024

చెల్లెకు,

ముప్పై మూడా! స్తోత్రం.

గ్యాస్‌కు వాము వేయించి, ఉప్పు వేసి నమిలి వేడినీళ్లు తాగు. మీ వదిన కూడా అదే చెప్పింది. వరి కోతల పని ఉంది, పెద్ద ఉత్తరం తర్వాత రాస్తాను.

దేవయ్య

*

బోధన్
14 జనవరి 2025

బాలీ,

ఈ ఉత్తరం అందిన రోజే హైదరాబాద్ పో. సగం చదివి లేచి బయల్దేరినా ఫర్వాలేదు. గ్రేస్‌కు ఫోన్ చేయమని రాజ్ కిరణ్‌తో కూడా చెప్పాను, కానీ వాడు నేను చెప్పినట్టు చెప్పడు. బాపు ఏదో భయపడుతున్నాడని చెబుతాడు.

నిన్న లింబయ్య చేనుకు పోయాను. కోత కూలీలు మహారాష్ట్ర వైపు నుంచి ఈసారి ఆలస్యంగా వచ్చారు. చేను కోత లేక అట్లాగే నిలబడి ఉంది. నా పాత మీటర్ వాడికే ఇచ్చాను కదా, వాడే సూది గుచ్చి చూశాడు. నా ముందుకొచ్చి నిలబడి, నాకు పెదాలు అర్థమయ్యేట్టు నెమ్మదిగా అన్నాడు. "సారూ, నెంబర్ దిగింది. ఇంక పచ్చిగనే ఉన్నట్టుంది. ఇంకిన్ని దినాలు ఆపుదమా?"

నేను అడుగు కణుపులో చూశాను, పై కణుపులో చూశాను. పైన కన్నా కింద తక్కువ. నేను అరిచినట్టున్నాను, దూరంగా ఉన్న కూలీలు తల తిప్పి చూశారు. "లింబయ్యా, ఇది పచ్చిది కాదురా. దాటిపోయింది. ఇగ ఒక్క దినం గూడ ఆపకు!"

చెరుకు పండే దాకా నెంబర్ ఎక్కుతుంది. పండినదాన్ని కోయకుండా నిలబెడితే గడ తన తీపిని తానే తినేస్తుంది, అప్పుడు దిగుతుంది. లేత చెరుకు నెంబర్, దాటిన చెరుకు నెంబర్ ఒకటే కావచ్చు. నెంబర్ ఒక్కటే చూసేవాడికి తేడా తెలియదు, చేనులో నిలబడి చూడాలి. కొత్తగా చేరిన ఫీల్డ్‌మన్లకు మొదటి రోజు నేను చెప్పే పాఠమే ఇది.

నీ చేను నేను చూడలేదు. కాగితం మీద నెంబర్ చూశాను. ఏ మందూ పెంచకుండా దానంతట అదే దిగిందని నువ్వు రాశావు. ఎందుకు దిగిందని నేను అడగలేదు. మెట్ల మీద ఆగుతున్నానన్నావు, నాలుగు ముద్దలకే కడుపు నిండుతోందన్నావు. నేను వాము తినమన్నాను.

నాకు డాక్టర్ చదువు లేదు. నేను అనుకుంటున్నది తప్పై, పిచ్చివాడిలా కనపడితే బాగుండు. పో బాలీ, ఆలస్యం చేయకు.

దేవయ్య

*

నిజామాబాద్
26 జనవరి 2025

అన్నకు వందనాలు.

నీ ఉత్తరం అందేలోపే పోయాము. సంక్రాంతి సెలవులకు పిల్లలను పంపుతూ మెట్ల మీద కళ్లు తిరిగి కూలబడ్డాను. గ్రేస్ ఇక నా మాట వినలేదు. మేము తిరిగి వచ్చేసరికి నీ ఉత్తరం తలుపు కింద ఉంది. నువ్వు అనుకున్నది తప్పు కాదు. తప్పైతే ఎంత బాగుండేదో.

నడుములో సూది గుచ్చితే ఈసారి ఏమీ రాలేదు. ఇంకోచోట గుచ్చారు, రాలేదు. చివరికి చిన్న ఎముక ముక్క తీశారు. మూలుగ ఎండి గట్టిపడిందట. నెంబర్ దిగింది నయమై కాదు, రక్తం చేయడం దానికి చేతగాక. డొక్క కింద బరువు గ్యాస్ కాదు, మటన్ కొట్టులో తిల్లి అంటామే, ఆ ప్లీహం ఉబ్బిందట. మూలుగ చేయలేని పని అది మీద వేసుకుందట. పాపం అనిపించింది దాన్ని తలుచుకుంటే.

డాక్టరమ్మ నన్ను కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. నా పాత ఫలితం తెరమీద తెరిచి మళ్లీ మొదటి నుంచి చదివింది. ముప్పు తక్కువ గుంపులో ఉండి ఇంత తొందరగా లేచిన వాళ్లు చాలా అరుదు, ఎందుకో మాకే తెలియడం లేదు అన్నది. ఆమె కళ్లలో నీళ్లు చూసి నేనే ఆమెకు ధైర్యం చెప్పాను.

ఇప్పుడు ఒక్కటే దారి. వేరే మనిషి మూలుగ నాకు పెట్టడం. తోబుట్టువుదైతే మేలు, అది కూడా నలుగురిలో ఒకరిదే కలుస్తుందట. నాకున్నది నువ్వొక్కడివే. బోధన్‌లోనే నీ రక్తం తీసి పంపవచ్చట. ఏమేం చేయాలో గ్రేస్ రాజ్ కిరణ్‌కు చెప్పింది.

హైదరాబాద్ పోవద్దని నువ్వు రాశావు, నిజమే. దసరాకు కూడా పోకుండా ఉన్నది నా కాళ్లే. నీ ఉత్తరం రాకపోయినా ఏదో ఒక సాకు చూసుకునేదాన్ని. బాగున్నానని ఎవరైనా చెబితే వినాలని ఉండింది అన్నా.

బాలవ్వ

*

బోధన్
9 మార్చి 2025

నా తల్లీ, బాలీ,

కలిసింది! పూర్తిగా కలిసిందట! రాజ్ కిరణ్ ఫోన్‌కు కాగితం వచ్చింది. వాడు నాకు చదివి వినిపించలేక, నా రెండు చేతులు పట్టుకుని చిన్నపిల్లవాడిలా ఎగిరాడు. మీ వదిన పొయ్యి మీద పాలు మరిచిపోయింది.

నాకు అరవై నిండలేదు, షుగర్ లేదు, బీపీ లేదు. పనికిరాని చెవులు తప్ప తక్కినదంతా గట్టిగానే ఉంది. ఎంత కావాలంటే అంత తీసుకోమను. తల తిరిగితే తిరగనీ, ఆసుపత్రిలో పడుకునే ఉంటాను కదా. రోజుకు రెండు గుడ్లు తింటున్నాను. మూలుగ బలానికి ఏం తినాలో డాక్టరమ్మను అడిగి రాయి.

పోయిన నెల ఒక పని చేశాను, నీకు చెప్పలేదు. చర్చిలో లేచి, నేను అప్పుడు చెప్పిన సాక్ష్యం తొందరపాటు, నా చెల్లెకు జబ్బు ముదిరింది అన్నాను. నేను నిలబడడం చూసి, ఏం చెబుతున్నానో సరిగా వినకుండానే వెనక వరసల వాళ్లు చేతులెత్తి స్తోత్రం మొదలుపెట్టారు. వాళ్ల చేతులు దించడం నా వల్ల కాలేదు. వచ్చి కూర్చున్నాను. ఈసారి మాత్రం ఎవరికీ చెప్పలేదు. కాలువ గట్టు మీదికి పోయి ఒక్కణ్నే గట్టిగా అరిచాను.

ఎప్పుడు రావాలో రాయి. బట్టల సంచి సర్దుకున్నాను.

నీ అన్న

*

హైదరాబాద్, ఆసుపత్రి నుంచి
13 మార్చి 2025

అన్నా,

నిజామాబాద్‌కు వచ్చిన నీ ఉత్తరం గ్రేస్ తెచ్చి ఇచ్చింది. ఎగిరిన రాజ్ కిరణ్‌ను తలుచుకుని నవ్వాను. నవ్వితే డొక్కలో నొప్పి, అయినా నవ్వాను.

నీది నాకు కలిసిందని డాక్టరమ్మ సోమవారమే చెప్పింది. అదే రోజు ఇంకో మాట కూడా చెప్పింది. ఎట్లా రాయాలో తెలియక మూడు రోజులుగా కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. కొత్త పరీక్షలో జబ్బు ఇంకో మెట్టు ఎక్కింది. ఇప్పుడది నెమ్మదిగా నడిచేది కాదు. నీ మూలుగ నాకు పెట్టాలంటే ముందు నాదంతా మందుతో కాల్చేయాలి. ఆ మందును నా గుండె తట్టుకోలేదట. ఇద్దరు పెద్ద డాక్టర్లు కూడా చూశారు. అందరూ ఒకే మాట చెప్పారు. నువ్వు సిద్ధంగా ఉన్నావు, నేనే మిగల్లేదు.

నువ్వు ఏం లెక్క వేస్తుంటావో నాకు తెలుసు. మే నెలలో పోయి ఉంటే, సెప్టెంబర్‌లో పోయి ఉంటే అని. నేనూ వేశాను. అందుకే అడిగేశాను. "మేడం, అప్పుడే వచ్చుంటే బతుకుదునా?" అన్నాను. ఆమె నా మంచం మీదనే కూర్చుంది. "ముందే తెలిసేది. మార్పిడికి ప్రయత్నం చేసేవాళ్లం. బతికేవారా అంటే నాకు తెలియదు బాలవ్వ గారూ. మూడు నెలలకోసారి తప్పకుండా వచ్చినవాళ్లనూ నేను పోగొట్టుకున్నాను" అన్నది. అవునంటే నీ మీద కోపం వచ్చేదేమో. కాదంటే మనసు కుదుటపడేదేమో. రెండూ చెప్పలేదు. ఆమె దగ్గర లేని జవాబు నీ దగ్గర, నా దగ్గర ఎట్లా ఉంటుంది? నువ్వు రాత్రంతా కూర్చుని వెతికినా దొరకదు అన్నా. వెతకకు.

ఇప్పుడు వారానికి రెండుసార్లు రక్తం ఎక్కిస్తున్నారు. ఎవరెవరిదో. చల్లగా చేతిలోకి పోతుంటే, పారబోసిన నా సంచులు గుర్తొస్తాయి. మొన్న ఎక్కించింది ఎవరో కాలేజీ పిల్లవాడిదట. అది ఎక్కాక రెండు రోజులు వాడి బలంతోనే నడిచాను, బాత్‌రూమ్ దాకా ఒక్కదాన్నే పోయాను.

నా మూలుగ ముక్కను మళ్లీ పరిశోధనకు ఇస్తారా అని అడిగారు. ఇచ్చాను. నాలాంటి మనిషిని ముందే ఎట్లా గుర్తుపట్టాలో నేర్చుకుంటారట. నేర్చుకోనీ.

నిన్న డాక్టరమ్మ, "ఎంత కాలమో ఒక అంచనా చెప్పమంటారా? కొందరు తెలుసుకోవాలనుకుంటారు" అన్నది. గ్రేస్ నా ముఖం చూసింది. వద్దన్నాను. ఇప్పటికి చాలు, ఆ కాగితాలు నమ్మి ఒకసారి సంతోషపడ్డాను, ఒకసారి ఏడ్చాను. గ్రేస్ బయటికి పోయి ఆమెను అడిగే ఉంటుంది. వచ్చాక దాని ముఖం వైపు చూడలేదు నేను.

నువ్వు కూడా అడగకు. ఎన్నాళ్లని ఎవరినీ అడగకు. మూలుగ ఇవ్వడానికి కాకపోతే ఇక పోయి ఏం చేస్తానని అనుకుంటావు, నీ సంగతి నాకు తెలుసు. చేయడానికి ఏమీ లేదు. ఇక్కడెవరూ ఏమీ చేయడం లేదు. రాజ్ కిరణ్‌ను కారు మాట్లాడమను, వెనక సీట్లో పడుకుని రా. వదినను కూడా తీసుకురా. మంచం పక్కన ఒక కుర్చీ వేసి ఉంటుంది. పొద్దంతా గ్రేస్ కూర్చుని కూర్చుని నడుము పట్టేసి లేస్తోంది. వచ్చి అందులో కూర్చో అన్నా. పొద్దున వచ్చి, దీపాలు వేసే దాకా కూర్చో.

నీ బాలి